పారాక్వాట్ వీపు మీద కారింది, మిగిలిన సీసా అటక మీద ఉంది: ఇప్పుడు ఏం చేయాలి?

తమ్ముడూ, ముందు మీ కూలీ మనిషి సంగతి చూడండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పత్తి సాళ్ల మధ్య గడ్డికి పారాక్వాట్ 24 శాతం మందు కొట్టించారు. పంపు మూత దగ్గర కారి అతని వీపు, నడుము పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తడిసే ఉన్నాయి. సాయంత్రం ఇంటికెళ్లాక గానీ స్నానం చేయలేదు. మర్నాటికి వీపు ఎర్రబడి, మంట పుట్టి, అక్కడక్కడా బొబ్బలు లేచాయి. షాపాయన "గడ్డి మందే కదా, కొబ్బరినూనె రాస్తే పోతుంది" అన్నాడు. మిగిలిన అర లీటరు అటక మీద పెట్టారు. ఇక ముందు ఎలా కొట్టాలి, ఎండిన గడ్డి బర్రెలకు వేయొచ్చా అని కూడా అడిగారు.

అతన్ని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరికి వద్దు, రక్త పరీక్షలు చేసే చోటికి వెళ్లండి. సీసా మీది లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసి పట్టుకెళ్లండి. డాక్టరుగారికి చెప్పాల్సినవి మందు పేరు, ఎంత శాతం, ఎన్ని గంటలు ఒంటి మీద ఉంది, ఎప్పుడు కడిగారు. మూత్రపిండాల పరీక్ష చేయించాలి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించాలి. మొదటి రోజు రిపోర్టు బాగుందని వదిలేయకుండా కొన్ని రోజులు పోయాక మళ్లీ చూపించాలి. ఈ మందు చేసే హాని ఆలస్యంగా బయటపడుతుంది. ఇంకో మాట అతన్ని పక్కకు పిలిచి అడగండి: మందు నడుము దాటి తొడల సందుల్లోకి కారిందా, అక్కడ మంట ఉందా? ఆ చోట చర్మం పలచన, మందు లోపలికి త్వరగా దిగుతుంది. ఇంటి ఆడవాళ్ల ముందు, నర్సు ముందు మగవాళ్లు ఈ సంగతి చెప్పడానికి సిగ్గుపడతారు. పుండు పెద్దదయ్యాక చెబితే లాభం లేదు.

అతను ఆ రోజు వేసుకున్న చొక్కా, బనియన్ ఏమయ్యాయో కూడా కనుక్కోండి. చాలామంది వాటినే ఆరేసి మళ్లీ తొడుక్కుంటారు. వాటిని మిగతా బట్టలతో కలపకుండా విడిగా సబ్బుతో ఉతకాలి, బాగా నానిపోయి ఉంటే పారేయడమే మంచిది.

నేను డాక్టర్ని కాను. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఉద్యోగమంతా పత్తి, మిరప పండే మండలాల్లోనే గడిచింది. గడ్డి మందుల గురించి రైతులు నన్ను అడిగే మాట ఎప్పుడూ ఒక్కటే: "ఎకరాకు ఎంత వేయాలి?" ఒంటి మీద పడితే ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ. మీరు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర పెద్ద చిక్కు "గడ్డి మందు" అన్న మాటతోనే వచ్చింది. గ్లైఫోసేట్, 2,4-డి, పారాక్వాట్, పెండిమిథాలిన్ అన్నీ గడ్డి మందులే. షాపులో అడిగేదీ అదే మాట, ఆసుపత్రిలో చెప్పేదీ అదే మాట. కానీ మనిషి లోపలికి వెళ్తే వీటి పోకడలు వేరు. గ్లైఫోసేట్ తాగి ఆసుపత్రికి చేరినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. పారాక్వాట్ విషయంలో చాలా ఆసుపత్రుల్లో సగం మందికి పైగా దక్కడం లేదు. పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివాటికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. పారాక్వాట్‌కు విరుగుడు లేదు, అట్రోపిన్ దీనికి పనిచేయదు. అందుకే "ఏదో గడ్డి మందు" అని డాక్టరుకు చెప్పడం అంటే ఏమీ చెప్పనట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఇది రెండో తరగతిలో, మధ్యస్థ ప్రమాదం ఉన్నవాటి సరసన కనిపిస్తుంది. ఆ తరగతులు ప్రధానంగా ఎలుకల మీద చేసిన పరీక్షలతో నిర్ణయించినవి. డబ్బా మీద మన చట్టం ప్రకారం వేసే త్రికోణాలూ అంతే: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్న వరసలో ప్రమాదం తగ్గుతుందని లెక్క. పారాక్వాట్ మీద ఎరుపు త్రికోణం ఉండదు. ఎరుపు లేదు కాబట్టి పర్వాలేదని అనుకోకండి. ఎలుక లెక్క మనిషికి సరిపోని మందు ఇది.

అది పనిచేసే తీరు తెలిస్తే జాగ్రత్తలు ఎందుకో మీకే అర్థమవుతాయి. పారాక్వాట్ పచ్చటి ఆకు మీద పడగానే, ఎండలో ఆకు ఆహారం తయారుచేసుకునేటప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లను లాక్కుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. అలా తయారైన విషపు ఆక్సిజన్ ఆకు కణాల పొరలను చీల్చేస్తుంది. అందుకే ఎండ బాగా ఉంటే కొన్ని గంటల్లోనే ఆకు వాడిపోతుంది. మనిషి రక్తంలోకి వెళ్తే అదే పని ఊపిరితిత్తుల్లో చేస్తుంది. ఊపిరితిత్తుల కణాలు ఈ మందును రక్తంలోంచి ఏరి ఏరి లోపలికి లాక్కుంటాయి, అక్కడ ఆక్సిజన్‌కు కొదవ లేదు. ఒకపక్క మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందును బయటికి పంపాల్సినవి అవే కనుక, అవి మొరాయించే కొద్దీ విషం ఇంకా లోపలే ఉండిపోతుంది.

దీని ఇంకో గుణం, మట్టికి గట్టిగా అతుక్కోవడం. బంకమన్ను రేణువును పట్టుకుందంటే వదలదు. అందుకే కుంటలోని బురద నీళ్లతో కలిపితే మందు గడ్డి మీద పనిచేయదు. ఆసుపత్రిలో కడుపులోని మందును పట్టుకోవడానికి ఫుల్లర్స్ ఎర్త్ అనే ప్రత్యేకమైన మట్టిని గానీ, యాక్టివేటెడ్ బొగ్గు పొడిని గానీ తాగించేదీ ఇందుకే. అలాగని ఇంట్లో ఎవరూ చెరువు మట్టి కలిపి తాగించకండి. అది ఆసుపత్రి పని.

చర్మం సంగతికొస్తే, గాయం లేని చర్మం గుండా ఈ మందు లోపలికి పోయేది తక్కువే. ఒక చుక్క పడి వెంటనే కడిగేస్తే భయం లేదు. ప్రమాదమల్లా తడి బట్ట గంటల తరబడి ఒంటిని అంటిపెట్టుకుని ఉండటంలో ఉంది. మందు మెల్లగా చర్మాన్ని కాలుస్తుంది, కాలిన చర్మం ఇక అడ్డు నిలవదు, అక్కడి నుంచి రక్తంలోకి దారి దొరుకుతుంది. కారే పంపును వీపున మోసి చనిపోయినవాళ్లు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నారు. మీవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లమని పట్టుబట్టడానికి కారణం అదే. భయపెట్టడానికి కాదు. చాలామందికి ఇది చర్మంతోనే ఆగిపోతుంది, కానీ ఆగిందో లేదో పరీక్షే చెప్పాలి.

మూతికి గుడ్డ కట్టుకుంటే చాలనే నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. పంపు నుంచి వచ్చే తుంపరలు ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లేంత సన్నవి కావు. ముక్కులో పడి మంట పెడతాయి, కొందరికి ముక్కులోంచి రక్తం కారుతుంది. కాబట్టి మాస్కు కావాలి. కానీ మాస్కు పెట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, వట్టి కాళ్లతో, చిరిగిన బనియన్‌తో కొడితే కాపాడాల్సిన చోటు వదిలేసినట్టు. ఈ మందుకు కాపాడుకోవాల్సినవి వీపు, నడుము, చేతులు, తొడలు, కళ్లు.

ఇక కొట్టే పద్ధతి. ముందురోజు పంపులో మంచినీళ్లు నింపి, మూత బిగించి, వీపున వేసుకుని గట్టు మీద నాలుగు అడుగులు నడిపించి, వంగి లేవమనండి. మూత వాషరు దగ్గర, పైపు అతుకు దగ్గర, ట్రిగ్గరు దగ్గర తడి కనిపిస్తుందేమో చూడండి. వాషరు అరిగిపోతే కొత్తది పది ఇరవై రూపాయల వస్తువు. నా అనుభవంలో వీపు కాలిన కేసుల్లో ఎక్కువ శాతం ఆ వాషరు దగ్గర మొదలైనవే. కారే పంపుకు గుడ్డ చుట్టి కొట్టడం ఇంకా చెడ్డ పని, ఆ గుడ్డ మందు పీల్చుకుని వీపుకు పట్టులాగా అంటుకుంటుంది. పంపుకూ వీపుకూ మధ్య మందపాటి పాలిథిన్ షీటు కట్టుకోవాలి. ఎండాకాలం ఉక్కపోస్తుందని తీసేస్తారు. అందుకని పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపండి. గంటల కొద్దీ ఒకే మనిషితో కొట్టించకండి.

అసలైన ప్రమాద ఘడియ సీసా మూత తీసినప్పటి నుంచి మందు నీళ్లలో కలిసేదాకా. పంపులో ఉన్నది పలచన మందు, సీసాలో ఉన్నది చిక్కటి విషం. అందుకే పంపును నేల మీద పెట్టి సగం నీళ్లు పోశాక మందు కొలిచి పోయాలి. సీసాను భుజం ఎత్తుకు ఎత్తి పోయకండి, చిందితే నేరుగా కళ్లలోకే. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ఈ ఐదు నిమిషాలకైనా తప్పవు. తోలు తొడుగులు వద్దు, అవి మందును పీల్చుకుని వదలవు. చేత్తో కలపకండి, కర్రతో కలిపి ఆ కర్రను పాతిపెట్టండి. ప్యాంటు అంచులు గంబూట్ల లోపలికి దోపకుండా బయటికి వదలాలి, లేకపోతే కారిన మందు బూటులోకి దిగి పాదం రోజంతా నానుతుంది.

నాజిల్ మూసుకుపోయినప్పుడు ఏం చేస్తారో నేను ఎన్ని చేలల్లో చూశానో చెప్పలేను. విప్పి, ప్యాంటుకు తుడిచి, పెదాల మధ్య పెట్టుకుని ఉఫ్ మని ఊదుతారు. గడ్డి మందుకు ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు. పాత టూత్ బ్రష్షు, ఒక అదనపు నాజిల్, పది లీటర్ల మంచినీళ్లు, సబ్బు ముక్క గట్టు మీద ఉంచండి. కూలీకి ఇది మీరే ఇవ్వాలి, అతను తెచ్చుకోడు. పని మధ్యలో బీడీ, తంబాకు, అన్నం ముట్టే ముందు చేతులు కడగాల్సిందే.

గడ్డి మందుకు పురుగుమందు కొట్టే సన్నటి తుంపరల నాజిల్ వాడొద్దు. ఫ్లాట్ ఫ్యాన్ గానీ ఫ్లడ్ జెట్ గానీ పెట్టి, పత్తి మొక్కల మీద పడకుండా నాజిల్ చుట్టూ హుడ్ అనే కప్పు తగిలించి, నేలకు దగ్గరగా కొట్టాలి. గాలి విసురుతుంటే ఆ రోజు ఆపేయండి. ఎక్కువ ఒత్తిడితో కొట్టే తైవాన్ పంపుతో ఈ మందు కొట్టించకండి, ఆ ఒత్తిడికి తుంపర పొగలాగా లేచి మనిషినీ పక్క చేనునూ తడుపుతుంది.

ఒంటి మీద పడితే అక్కడే, అప్పుడే బట్టలు విప్పి సబ్బుతో ధారగా కడగాలి. పీచుతో గట్టిగా రుద్దకండి, గీరుకుపోయిన చర్మం మందుకు దారి ఇస్తుంది. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి, మంట తగ్గినా సరే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కంట్లో దెబ్బ మర్నాటికి పెరుగుతుంది.

ఇప్పుడు అటక మీది సీసా. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. పారాక్వాట్ మరణాల్లో చేలో మందు కొడుతూ జరిగేవి తక్కువ. ఎక్కువ భాగం ఇంట్లోనే. కోపంలోనో, అప్పుల బాధలోనో, పరీక్ష తప్పిన రోజునో చేతికి అందింది గుక్కెడు మింగేవాళ్లు. ఆ క్షణం దాటిపోతే వాళ్లలో చాలామంది చావాలనుకోరు. మింగిన మరుక్షణమే బతకాలని ఏడ్చినవాళ్ల గురించి వార్డుల్లో పనిచేసే డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వేరే మందు అయితే ఆ మనిషికి ఇంకో అవకాశం ఉండేది. ఇది ఇవ్వదు.

ఇళ్లల్లోవాళ్లు మోసపోయేది ఎక్కడంటే, మొదటి రోజు మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. వాంతులు, నోట్లో మంట, అంతే. కాస్త తేరుకోగానే గండం గడిచిందనుకుని ఇంటికి తెచ్చేస్తారు. ఒకటి రెండు రోజుల్లో నాలుక, గొంతు పుండ్లు పడతాయి. ఆ తర్వాత మూత్రం తగ్గుతుంది. ఆయాసం మొదలయ్యేసరికి ఊపిరితిత్తులు గట్టిపడుతుంటాయి, అది వారాల పాటు సాగే బాధ. కాబట్టి ఒక్క గుక్కేననో, ఉమ్మేశాననో చెప్పినా గంట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, మందు పైకి వస్తూ గొంతును మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. దగ్గరలోని ఆసుపత్రిలో బొగ్గు పొడి ఉంటే ముందు అది తాగించి, తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అంబులెన్సులో ఎక్కగానే "ఇది పారాక్వాట్" అని చెప్పండి. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఈ విషానికి ఆక్సిజన్ పెట్టరు, పెడితే పైన చెప్పిన కారణంగా ఊపిరితిత్తుల దెబ్బ పెరుగుతుంది. ఏ మందో తెలియకపోతే మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపి చూసే పరీక్ష ఉంది, పారాక్వాట్ ఉంటే మూత్రం నీలంగా మారుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరుకు డాక్టర్లూ, మనమూ ఎవరైనా ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. ఇంట్లో ఎవరైనా చనిపోవాలన్న మాట మాట్లాడుతుంటే తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

సీసాను పెట్టెలో పెట్టి తాళం వేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. శ్రీలంకలో పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి పరిశీలించిన పెద్ద అధ్యయనం ఉంది. వాటి వల్ల మందు తాగడం తగ్గినట్టు తేలలేదు. తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు కదా. అదే శ్రీలంక 2008 నుంచి 2011 లోపు పారాక్వాట్‌ను అంచెలంచెలుగా ఆపేసింది, మరణాలు తగ్గాయి. దక్షిణ కొరియా 2012లో అమ్మకం ఆపాక పురుగుమందుల ఆత్మహత్యలు 2011తో పోలిస్తే 2013కల్లా దాదాపు సగమయ్యాయి, పంట దిగుబడి తగ్గలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి లేదు. థాయిలాండ్ 2020లో నిషేధించింది. మన దేశంలో కేరళ 2011లోనే ఆపింది. అయితే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను ఒక మందును ఆపగలిగేది 60 రోజులు, పొడిగిస్తే ఇంకో 30 రోజులు మాత్రమే. శాశ్వతంగా ఆపాల్సింది కేంద్రం. ఆపాలనే నా అభిప్రాయం, ఇన్నేళ్లు రైతుల మధ్య తిరిగాక వచ్చిన అభిప్రాయం.

మీ అర లీటరు సంగతి ఇలా చేయండి. ఇవాళే అటక మీంచి దించి ఇంటి బయటికి తీసుకెళ్లండి. లేబుల్‌లో చెప్పిన చోట, చెప్పిన మోతాదులో, మంచి పంపుతో, పై జాగ్రత్తలతో వెంటనే వాడి అయిపోగొట్టండి. మురుగు కాలువలోనో చెరువులోనో పోయొద్దు. ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి, సీసాకు చిల్లులు పొడిచి, ఇళ్లకూ బావులకూ దూరంగా పాతిపెట్టండి. కిరోసిన్‌కో, నీళ్లకో దాన్ని వాడొద్దు. సగం ఎకరం ఉన్న పొరుగు రైతు "కాస్త పోయవా" అని కూల్‌డ్రింక్ సీసా పట్టుకొస్తే మొహమాటపడకండి, పోయొద్దు. ముదురు రంగు మందును కూల్‌డ్రింక్ అనుకుని పిల్లలు తాగిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

వచ్చే ఏడాదికి మాత్రం ఈ మందు అవసరం లేకుండా చూసుకోండి. పత్తి విత్తిన ఒకటి రెండు రోజుల్లో తేమ మీద పెండిమిథాలిన్ కొడితే మొదటి గడ్డి రాదు. 20, 25 రోజులకు వెడల్పాకు కలుపుకు పైరిథయోబ్యాక్ సోడియం ఎకరాకు 250 మిల్లీలీటర్లు, గడ్డి జాతికి క్విజాలోఫాప్ ఇథైల్ 400 మిల్లీలీటర్లు కొట్టాలని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అవీ విషాలే, వాటికీ చేతి తొడుగులు కావాలి. కానీ పారాక్వాట్ లాగా గుక్కెడుతో ప్రాణం తీసేవి కావు. ఆ తర్వాత గుంటుక తోలితే సాళ్లు శుభ్రపడతాయి. వాన పట్టు విడవక గుంటుక నడవని రోజులు ఉంటాయని, కూలీ దొరకడం కష్టమని నాకు తెలుసు, రైతు ఈ సీసా వైపు చెయ్యి చాపేది ఆ రోజుల్లోనే. గట్ల మీద గడ్డికైతే బ్రష్ కట్టర్ చాలు. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి.

బర్రెలకు ఆ ఎండిన గడ్డి వేయకండి. ఎండినంత మాత్రాన మందు పోదు, ఆకు మీదే ఉంటుంది. మళ్లీ వాన పడ్డాక కొత్తగా మొలిచే గడ్డి వేరు సంగతి, మట్టిని పట్టుకున్న మందు వేళ్ల గుండా పైకి ఎక్కదు కాబట్టి దానికి భయం లేదు. ఈలోగా మందు కొట్టిన గట్ల చివర్లలో కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టించి, ఆ దారిన గొర్రెలు తోలుకొచ్చేవాళ్లకు ఇవాళే చెప్పించండి.